దొరకని మొన

కింది దారం ఉండే బాబిన్ కేసును దారం కొసన పట్టుకుని గాల్లో వేలాడదీసి, మణికట్టును ఒక్కసారి విదిలించింది మిషనక్క. కేసు బెత్తెడు జారి ఆగింది. అసలు జారకపోతే దారం బిగువు ఎక్కువైనట్టు, నేలదాకా జారితే వదులైనట్టు. బెత్తెడు జారి ఆగిందంటే ఆ రోజు మిషను మాట వింటుంది. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నే ఆమె మొదట చూసే ముఖం ఆ కేసుదే. అద్దంలో తన ముఖం చూసుకుని ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. చూసుకోకపోవడం వల్ల ఎవరికీ నష్టం కూడా రాలేదు.

కేసును గూట్లో పెట్టి, కొక్కెం చుట్టూ పేరుకున్న దూది పీచును కుంచెతో దులిపింది. రెండే రెండు చుక్కల నూనె వేసింది. మూడో చుక్క పడితే అది బొంత మీదే తేలుతుంది. పాత సూది తీసేసి కొత్తది బిగించింది. ఎడమ భుజం దగ్గర మొదలైన లాగుడు మోచేతి దాకా దిగింది. పిడి పట్టుకునే చెయ్యి కదా, లాగక ఏం చేస్తుందని సర్దిచెప్పుకుంది.

ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పన్నెండడుగుల బల్ల. బల్లకు ఇనుప రోలర్లు. ఒకదానికి అడుగు గుడ్డ, ఇంకొకదానికి పై గుడ్డ చుట్టి, మధ్యలో దూది పొర పరుస్తారు. ఆ మూడింటినీ కలిపి కుట్టేందుకు, ఏనుగు తొండమంత పొడుగు మెడ ఉన్న మిషను చక్రాల మీద పట్టాల వెంట అటూ ఇటూ తిరుగుతుంది. ఇంట్లో ఉండే కుట్టు మిషను దగ్గర మనిషి కూర్చుంటే గుడ్డ నడుస్తుంది. ఇక్కడ గుడ్డ కదలదు, మనిషే నడవాలి. రెండు పిడులు పట్టుకుని, కింద పరిచిన కాగితం మీది తీగల ముగ్గు వెంట ఎర్ర దీపపు చుక్కను నడిపిస్తూ, బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు రోజంతా పోతూ రావాలి. గచ్చు నేల మడమలను పగలగొడుతుందని ఆమె మందపాటి రబ్బరు చెప్పులు వేసుకుంటుంది. ఎప్పుడు కొన్నా ఎడమదే ముందు అరుగుతుంది.

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. మొదట్లో "ఆ మిషను దగ్గరుండే అక్క" అనేవారు. అంత పొడుగు మాట ఎవరు మోస్తారు, మిషనక్క అయింది. నిజానికి ఆమెను చూసినవాళ్ళు కూడా తక్కువే. ముందు గదిలో, గాజు తలుపు పక్కన, చెల్లెలు కూర్చుంటుంది. ముందు గదికీ మిషను గదికీ మధ్య తెర. బొంతలు తెచ్చేవాళ్ళు చెల్లెలి చేతికిచ్చి, చెల్లెలి చేతి నుంచి తీసుకుని, "మేడమ్, మీ చేతిలో ఏదో ఉందండీ" అని మెచ్చుకుని పోతారు. చెల్లెలి చేతిలో నిజంగానే ఏదో ఉంటుంది, ఎక్కువగా టీ కప్పు.

"నువ్వు ముందుకు రాకక్కా, నీ ఒంటి మీద దూది చూసి జనం తుమ్ముతారు" అని చెల్లెలు ఎప్పుడో నవ్వుతూ అంది. మిషనక్క కూడా నవ్వింది. అప్పటి నుంచీ తెర దాటలేదు. రావాలన్నా పోవాలన్నా వెనక తలుపే. మిషను గది వెనకున్న చిన్న గదిలో ఆమె మంచం, పొయ్యి, నాలుగు చీరలు. కప్పుకోవడానికి, బొంతల అంచుల్లో కత్తిరించగా మిగిలిన దూది పట్టీలను అతికించి కుట్టుకున్న ఒక దుప్పటి. వేలమందికి బొంతలు కుట్టిన మనిషికి తనకంటూ ఒక బొంత లేదు. ఆ మాట ఆమెకు తోచలేదు, తోచినవాళ్ళు ఇంకెవరూ లేరు.

తొమ్మిదింటికి చెల్లెలు తెర జరిపి తొంగిచూసింది. మిషనక్క బల్ల మీదా, బల్ల కిందా, దారపు ఉండల వెనకా తడుముతోంది.

"ఏం వెతుకుతున్నావు?"

"కళ్ళద్దాలే. ఇక్కడే పెట్టాను."

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ వరస. నెత్తి మీదున్నాయి చూసుకో."

మిషనక్క అద్దాలు కిందికి లాక్కుంది. చెల్లెలు నవ్వలేదు.

"టీచరమ్మ బొంత ఎందాకా వచ్చింది?"

"సగం అయింది చిట్టీ. ఇంకో సగం ఇవాళ లాగేస్తాను."

"నాలుగింటికి వస్తుంది. పసిదాన్ని ఆసుపత్రి నుంచి ఇవాళే ఇంటికి తెస్తున్నారట. చూడక్కా, సూటిగా చెప్తున్నాను. పోయిన నెల మూడు బొంతలు ఆలస్యమయ్యాయి. మాటలు పడేది నేను, తెర వెనక కూర్చున్న నువ్వు కాదు."

మిషనక్క కూర్చోలేదు, ఎప్పుడూ కూర్చోదు. కానీ ఆ సంగతి చెప్పలేదు.

"ఆ కంప్యూటరు మిషనుకి మనిషే అక్కర్లేదట. ముగ్గు ఎక్కించి బటన్ నొక్కితే అదే కుట్టుకుంటుంది. సరే, ఒక మాట. ఇవాళ నాలుగింటికల్లా ఈ బొంత నా చేతిలో పెట్టావనుకో, కొత్త మిషను మాట ఏడాది దాకా ఎత్తను. నీ మిషను నీదే, నీ గది నీదే. పెట్టలేకపోయావా, ఇంక నన్నేమీ అనకూడదు."

కొత్త మిషను పద్నాలుగడుగులు. అది పట్టాలంటే వెనక గది గోడ పడగొట్టాలి. గోడ పోతే మంచం ఎక్కడికి పోతుందని ఒకసారి మిషనక్క అడిగింది. మా ఇంటి మేడ మీద సామాన్ల గది ఉందిగా అంది చెల్లెలు. సామాన్లు ఎక్కడికి పోతాయని అడగబోయి ఆగిపోయింది మిషనక్క.

"నాలుగింటికి ఇస్తాలే" అంది.

ఆ మాట మీద నిలబడటం ఆమెకు కష్టమేమీ కాదు. బొంత చిన్నది, పసిపిల్లది. రిటైరైన టీచరమ్మ తొలి మనవరాలి కోసం ఆరు నెలలు కూర్చుని, వణికే చేతులతో ముక్కలు కలిపి పై గుడ్డ తయారుచేసింది. పిల్ల ఎనిమిదో నెలలోనే పుట్టి, మూడు వారాలు గాజు పెట్టెలో ఉండి, ఇవాళ ఇంటికి వస్తోంది. టీచరమ్మ కుట్టిన అంచులు సాగిపోయి అలలు తిరిగాయి. మిషనక్క వాటిని ఆవిరి పట్టి, వేళ్ళతో నొక్కి, అంగుళం అంగుళం లోపలికి సర్దుకుంటూ కుట్టింది. ఇంటికి తీసుకెళ్ళి పరిచాక టీచరమ్మ తన అంచులు తిన్నగా వచ్చాయనే మురిసిపోతుంది. ఇన్నేళ్ళలో మిషనక్క ఎన్ని వందలమంది వంకర్లు తనలో దాచుకుందో! మంచి పనితనం అంటే పక్కవాళ్ళ తప్పు కనపడకుండా చెయ్యడమేనని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఆమెను ఎక్కడికీ చేర్చలేదు.

పదింటికి ఆ రోజు మొదటి వరస, పదకొండున్నరకు మూడోది. రోలరు తిప్పినప్పుడల్లా కొత్త చేను బయటపడ్డట్టు కొత్త ముక్కలు పైకి వస్తాయి. పిచ్చుకలు, కుందేళ్ళు, పసుపు పువ్వులు. మిషను చప్పుడులో ఆమెకు చాలా విషయాలు గుర్తొస్తాయి, ఆపగానే పోతాయి. పదిహేనేళ్ళ వయసులో దుప్పట్ల ఫ్యాక్టరీలో చేరడం. అమ్మ పోయాక చిట్టికి జడలు తను వెయ్యడం. ఫ్యాక్టరీ మూసేస్తూ పాత మిషన్లను ఇనుముకింద అమ్మేస్తుంటే ఈ ఒక్కదాన్నీ తన చెవి దుద్దులకు బదులుగా తెచ్చుకోవడం. నెలనెలా వచ్చే దారాల కంపెనీ ఏజెంటు ఒకాయన, అవసరం లేని రంగులు కూడా చూపిస్తూ గంటసేపు ఉండేవాడు. ఒకరోజు రంగులు మూటగట్టేసి అడగవలసింది అడిగాడు. చెల్లెలి పెళ్ళి కానివ్వండి అంది. రెండేళ్ళు ఆగాడు. మూడో ఏడు వేరే ఏజెంటు వచ్చాడు. చెల్లెలి పెళ్ళి అయిదో ఏట అయింది.

ఒంటిగంట దాటాక రెండు బిస్కెట్లు టీలో ముంచుకుని నిలబడే తిని, మళ్ళీ పిడులు పట్టుకుంది. ఇంక రెండు వరసలే. మూడింటికల్లా అయిపోతుంది, ఒక గంట మిగులుతుంది, ఆ గంటలో దారాలు కత్తిరించి అంచులు కూడా చూడొచ్చు అనుకుంటుండగా, ఎనిమిది ముక్కల మొనలు ఒకచోట కలిసే ముడి దగ్గరకు సూది వెళ్ళింది. టీచరమ్మ అక్కడ గుడ్డ మడతలను ఒకదాని మీద ఒకటి వేసి గట్టు కట్టింది. అలాంటి చోట మిషను వేగం తగ్గించాలి. ఎడమ చెయ్యి ఆ క్షణంలోనే లాగింది, పట్టు తప్పింది.

ఠక్కుమని చప్పుడు.

సూది విరిగింది. మిషనక్క మోటారు ఆపింది. మొదలు భాగం మిషనుకే ఉంది. నడిమి ముక్క దారానికి వేలాడుతోంది. ఆ రెండూ తీసి, బీరువా మీది నోటుపుస్తకం తెచ్చి, ఒక కొత్త సూది పక్కన పేర్చి చూసింది. బియ్యపు గింజంత తక్కువైంది. మొన లేదు.

ఆ నోటుపుస్తకం సంగతి చెప్పాలి. దుకాణం పెట్టిన మొదటి సంవత్సరం ఇలాగే ఒక సూది విరిగింది. మొన కోసం ఆమె అరగంట వెతికింది. అప్పటికి చదువుకుంటున్న చెల్లెలు సినిమాకు ఆలస్యమవుతోందని, "ఎక్కడో కింద పడుంటుందిలే అక్కా, రా" అంది. మిషనక్క వెళ్ళింది. ఆ బొంత ఒక వడ్రంగి తండ్రికి. పక్షవాతం వచ్చి నోరు పడిపోయిన మనిషి. బొంతను మంచం మీద పరిచి ఆయన్ను దాని మీద పడుకోబెట్టారు. మూడు రోజులు మూలిగాడు. జబ్బు ముదిరిందనుకున్నారు. నాలుగో రోజు ఒళ్ళు తుడవడానికి పక్కకు తిప్పితే, రెక్క ఎముక కింద చీము పట్టి ఉంది. అందులో మొన. వడ్రంగి కోపగించుకోలేదు. అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చి, "ఇది మీదేమో చూడండి" అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఆమె బతికిపోయేది.

ఆ మొనే పుస్తకంలో మొదటి పుట. అప్పటి నుంచి విరిగిన ప్రతి సూదినీ ముక్కలన్నీ పేర్చి, కొత్త సూదితో కొలిచి, టేపుతో అంటించి, తేదీ వేసి, అప్పుడుగాని బొంతను గడప దాటనివ్వలేదు. రెండువందల పదకొండు సూదులు. అన్నీ పూర్తిగా ఉన్నాయి. ఇది రెండువందల పన్నెండోది.

బల్ల చుట్టూ తిరిగి మిషను కింద చూసింది. చీపురుతో గచ్చు ఊడ్చి, చెత్తను తెల్ల కాగితం మీద పోసి, వేలితో విడదీసి చూసింది. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని బొంత మీద అంగుళం అంగుళం నడిపించింది. రెండు గుండుసూదులు దొరికాయి, టీచరమ్మ తియ్యడం మరిచిపోయినవి. మొన దొరకలేదు. బాబిన్ గూడు విప్పింది. పట్టాలు తుడిచింది. చీర కుచ్చిళ్ళు దులిపింది. జుట్టు ముడి విప్పి దువ్వుకుని చూసింది. గోడ వారగా నడిచింది, బల్ల వారగా నడిచింది.

"ఏంటక్కా ఆ గరగర? కాళ్ళీడ్చుకుంటూ నడవకు, తల నొప్పెడుతోంది" అని తెర అవతలి నుంచి చెల్లెలు అరిచింది.

ఏ గరగరా మిషనక్కకు వినపడలేదు. మిషను పక్కనే ఇన్నేళ్ళు నిలబడ్డ చెవులకు సన్నటి చప్పుళ్ళు అందవు. అయినా కాళ్ళు కాస్త ఎత్తి నడిచింది.

రెండున్నరకు చెల్లెలే లోపలికి వచ్చింది. వెనకే మెకానిక్. నెలకోసారి వచ్చి మోటారు చూసిపోయే మనిషి. ఇవాళ అతని చేతిలో పానా లేదు, కొలిచే టేపు ఉంది.

"మిషనెందుకు ఆగింది?" అంది చెల్లెలు.

"మొన దొరకలేదు చిట్టీ."

"ఎక్కడో కింద పడుంటుందిలే. కొత్త సూది వేసి కానివ్వు."

ఇరవై ఆరేళ్ళ కిందటి మాట అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. అన్నవాళ్ళకు గుర్తులేదు. విన్నవాళ్ళకు అగ్గిపెట్టె గుర్తొచ్చింది.

"కింద లేదు, ఊడ్చాను. దూదిలోకి పోయుంటుంది. ఆ వరస విప్పి చూడాలి."

"విప్పుతావా? టైమెంతయిందో తెలుసా?"

"నెల తక్కువ పిల్లే. అరిచేతిలో పట్టేంత ఉంటుంది. దానికి గుచ్చుకుంటే చెప్పడానికి నోరుందా?"

"అబ్బా, లక్షలో ఒకటి ఎక్కడో జరిగిందని... నీ ఇష్టం. మాట గుర్తుంది కదా. నాలుగు."

చెల్లెలు ముందు గదిలోకి వెళ్ళిపోయింది. మెకానిక్ వెనక గది గోడకు టేపు ఆనించి కొలతలు రాసుకుంటున్నాడు. పాపం అతనికి ఏమీ తెలియదు, మంచివాడే, మాటకారి.

"ఈ మంచం గురువారానికి తీయించెయ్యండక్కా. లారీ పొద్దున్నే వస్తుంది. మేడమ్ గారు పోయిన వారమే సంతకం పెట్టేశారు కదా, ఇంక లేటుండదు."

"పోయిన వారమా?"

"అవునక్కా. మీకింక హాయి. ఎన్నేళ్ళని నిలబడతారు?"

మిషనక్క తలూపింది. అతను వెళ్ళేటప్పుడు, నీళ్ళు తాగుతావా బాబూ అని అడిగింది కూడా.

అంటే పొద్దున చెల్లెలు పెట్టిన పందెం పందెమే కాదు. నాలుగింటికి ఇచ్చినా గోడ పడుతుంది, ఇవ్వకపోయినా పడుతుంది. ఇవ్వలేకపోతే తప్పు అక్కది అవుతుంది, అంతే తేడా. జడలు వేసి పెంచిన పిల్ల ఇంత తెలివి ఎప్పుడు నేర్చిందని ఆమె ఆశ్చర్యపోయింది. గుండెలో ఏదో పిండినట్టయి, బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అయితే కోపాన్ని ఎలా వాడాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. చూస్తుండగానే అదీ పోయింది. తర్వాత ఒక చిత్రమైన తేలిక వచ్చింది. పోగొట్టుకోవడానికి ఇంకేమీ లేనప్పుడు తొందర మాత్రం ఎందుకు?

కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుని మొదలుపెట్టింది. నాలుగు కుట్లకొకటి చొప్పున తెంపుకుంటూ పోయి, బొంత కింది నుంచి దారం లాగితే బారెడు బారెడు ఊడివస్తుంది. తను కుట్టిన తీగ, తను కుట్టిన ఆకు, తను సర్ది దాచిన అల, ఒక్కొక్కటీ విడిపోయి గుడ్డ మళ్ళీ గుడ్డయింది. పై గుడ్డ ఎత్తి దూదిని వేళ్ళతో పలచగా విడదీసి, దీపానికి ఎదురుగా పట్టి చూసింది. లేదు. కింది వరస విప్పింది. లేదు. దాని పై వరస విప్పింది. మూడున్నరకు నాలుగు వరసలు పోయాయి. భుజం నొప్పి దవడ దాకా పాకింది. నుదుట చెమట బొంత మీద పడకుండా భుజంతో తుడుచుకుంది.

నాలుగింటికి గాజు తలుపు గంట మోగింది. టీచరమ్మ గొంతు.

"అయిందా అమ్మా? కారు బయటే ఉంది. పిల్లదాన్ని దీన్లోనే చుట్టి ఇంట్లోకి తేవాలని మా అమ్మాయి పట్టు."

"ఒక్క నిమిషం టీచర్."

చెల్లెలు తెర జరిపింది. ఆ వెనకే టీచరమ్మ మెడ చాపి చూసింది. బల్ల మీద పిచ్చుకలూ కుందేళ్ళూ దూది మీద వదులుగా పడి ఉన్నాయి. గచ్చు మీద తెగిన దారాల పోగు. బల్ల దగ్గర, జుట్టు విరబోసుకుని, చేతిలో కత్తితో ఎవరో ముసలామె.

"అయ్యో! ఎవరామె? ఎందుకు విప్పుతోంది?" అంది టీచరమ్మ. "ఆరు నెలలు కుట్టానమ్మా నేను!"

మిషనక్క చెప్పబోయింది. టీచరమ్మ గుండుసూదుల సంగతి చెప్తే ఆమె చిన్నబుచ్చుకుంటుంది. సూది సంగతి చెప్తే భయపడుతుంది.

"ఇంకొక్క రెండు వరసలమ్మా" అంది. "చూసేసి, రేపు పొద్దున్నే మళ్ళీ..."

చెల్లెలు తెర లాగేసింది. తెరకు చెవులు లేవనుకుందో, ఉన్నా ఫరవాలేదనుకుందో, తెర పక్కనే నిలబడి చెప్పింది.

"మా అక్కండీ. చేరదీసి ఉంచాను. ఈ మధ్య కొంచెం..." ఆగింది. కణత దగ్గర వేలు తిప్పి ఉంటుంది. "మీ బొంత నిన్ననే కుట్టి పెట్టాను. నేను భోజనానికి వెళ్ళిన సందులో ఇలా చేసింది. గురువారం కొత్త మిషను వస్తోంది, ముందు మీదే కుట్టిస్తాను. ఇవాల్టికి ఇది తీసుకెళ్ళండి, నా చేత్తో కుట్టినదే."

అద్దాల బీరువా తెరిచిన చప్పుడు. అందులో ఉన్నది నీలం బొంత, చెల్లెలి కొడుకు పుట్టినప్పుడు మిషనక్క నిద్ర మానుకుని కుట్టినది. చెల్లెలు ఆ రోజు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది, నువ్వు లేకపోతే నేనేమయ్యేదాన్నే అక్కా అని. మిషనక్కకు అదీ గుర్తొచ్చింది. ఏం లాభం?

"పాపం, ఎంత ఓర్పమ్మా మీకు" అంటోంది టీచరమ్మ. "ఈ రోజుల్లో ఎవరు చూస్తారు అలాంటివాళ్ళని?"

మిషనక్క మిగిలిన వరసల్లో చివరి దారం లాగింది. దూది ఎత్తి దీపానికి పట్టింది. తెల్లగా, శుభ్రంగా ఉంది. ఎక్కడా ఏమీ లేదు. మరి ఎక్కడికి పోయింది? పక్కన బాబిన్లు పెట్టుకునే స్టూలు ఉంది. ఇన్నేళ్ళలో దాని మీద బాబిన్లే కూర్చున్నాయి. డబ్బా కింద పెట్టి తను కూర్చుంది. చెప్పులు విడిచి, పగుళ్ళ మడమలను చల్లటి గచ్చుకు ఆనించింది. ఒక్క నిమిషం కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి వెతుకుదామనుకుంది. నుదురు రోలరుకు ఆనించింది. చేతిలోని కత్తి ఒళ్ళోకి జారింది.

టీచరమ్మను కారెక్కించి వచ్చి, చెల్లెలు తెర ఇవతల నుంచే మొదలుపెట్టింది.

"చూశావా నా పరువు ఎలా తీశావో? మాటిచ్చావు కదా, నాలుగింటికని. ఇంక నన్నేమీ అనడానికి లేదు. గురువారానికి గది ఖాళీ చెయ్యాలి. వింటున్నావా? అలిగితే నాకేం భయం లేదు. చిన్నప్పటి నుంచీ ఇంతే, మాట్లాడకుండా సాధిస్తావు. నీ వల్ల నేనెప్పుడైనా ప్రశాంతంగా ఉన్నానా?"

పావుగంట తిట్టింది. అంతసేపూ అక్క ఎదురుచెప్పలేదు. ఎప్పుడూ చెప్పదు గనక చెల్లెలికి అనుమానం రాలేదు. గొంతు ఆరిపోయి నీళ్ళ కోసం లోపలికి వచ్చినప్పుడు చూసింది.

పక్క వీధి డాక్టరు వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, మెల్లగా ఒళ్ళో పెట్టేశాడు. పోయి అరగంట పైనే అయి ఉంటుందన్నాడు. చెల్లెలు గట్టిగా ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, అందులో అబద్ధం లేదు. వెనక తలుపులోంచి తీసుకెళ్ళారు. కాలికి అడ్డం వచ్చాయని ఎవరో ఆ రబ్బరు చెప్పులను గోడవారకు తన్నారు.

గురువారం పొద్దున్నే లారీ వచ్చింది. గోడ ఒక పూటలో పడింది. పాత మిషనును నలుగురు ఎత్తి ఇనుము కొట్టు బండిలో వేశారు. నోటుపుస్తకం పాత కాగితాల్లో పోయింది. చివరి పుటలో రెండు ముక్కలు అంటించి, మూడో దానికి వదిలిన ఖాళీ అలాగే ఉంది. కొత్త మిషను మీద మొదట ఎక్కించింది టీచరమ్మ బొంతనే. మెకానిక్ బటన్ నొక్కాడు. నలభై నిమిషాల్లో అయిపోయింది. టీచరమ్మ వచ్చి చూసుకుని, అంచుల్లో ఈ అలలు ఎలా వచ్చాయో అనుకుంటూ తీసుకెళ్ళింది. అందులో పడుకున్న పసిదానికి ఏమీ గుచ్చుకోలేదు, హాయిగా నిద్రపోయింది. సూది మొన కోసం మొత్తం విప్పి పోసిందండీ, చివరికి చూస్తే ఏముంది, ఏమీ లేదు, ఉత్త చాదస్తం అని చెల్లెలు వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుంది. విన్నవాళ్ళు పెదవి చప్పరించారు.

వెనక తలుపు బయట, విరిగిన ఇటుకల పక్కన, వాటితో పాటే బయట పారేసిన ఆ చెప్పులు రెండూ పడి ఉన్నాయి. ఎడమది బోర్లా పడింది. దాని అరిగిపోయిన మడమలో, బియ్యపు గింజంత ఉక్కు ముక్క, గచ్చు మీద రాసుకుని రాసుకుని కొత్తదానిలా మెరుస్తోంది.